రాగి చెంబు

కొండాపూర్‌లో ఎనిమిదో అంతస్తు మీద సముద్రం ఉందంటే మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. మా మేనల్లుడు 60 లీటర్ల గాజు తొట్టెలో లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పు కలిపి ఓ బుల్లి సముద్రాన్ని నిలబెట్టాడు. పగడాలు లేవు లెండి. దిబ్బలు కట్టే పగడాలు 2001లోనే పులుల సరసన వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలుకెక్కాయి. అంచేత పింగాణీ రాళ్లు, తెల్లచారల నారింజ చేపలు రెండు, రొయ్యలు నాలుగు, గుప్పెడు నత్తలు.

ఆఫీసు పని మీద మూడు వారాలు ఊరెళ్తూ, ఆవిరైన మేరకు రోజూ ఫిల్టరు నీళ్లు పొయ్యమని నాకు అప్పగించాడు. ఫిల్టరు నీళ్లలో సారం ఉండదని నా నమ్మకం. చింతపండుతో తళతళా తోమిన రాగి చెంబులో రాత్రంతా నిలవున్న నీళ్లు, నేను తాగేవే, రోజుకో చెంబుడు పోశాను. పుణ్యమనే అనుకున్నాను సుమండీ!

మూడో వారానికి రొయ్యలు వెల్లకిలా పడ్డాయి. నత్తలు రాళ్ల మీంచి రాలాయి. చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి.

మేనల్లుడు వచ్చి పరీక్ష చుక్కలు వేసి చూశాడు. రాగి! వెంటనే కల్తీ ఉప్పు అమ్మావంటూ దుకాణదారుణ్ణి ఫోనులో దులిపేశాడు. పక్కగదిలో నేను పేపరు చదువుతున్నాను, అంటే చదువుతున్నట్టు ఉన్నాను. రాత్రి భోజనాల దగ్గర గాని నా నోరు పెగల్లేదు.

ఆవిరయ్యేది నీరే, లోహం ఎక్కడికీ పోదు. నా ఇరవై చెంబుల నీళ్లూ గాలిలో కలిశాయి, రాగి తొట్టెలో పేరుకుంది. మనం తాగే నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల దాకా రాగి ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నడిసముద్రంలో అందులో వెయ్యో వంతు కూడా ఉండదు. తమాషా ఏమిటంటే, మన నెత్తుట్లో ఇనుము చేసే పని రొయ్య నెత్తుట్లో రాగే చేస్తుంది. అది లేకపోతే బతకదు, మరికాస్త ఎక్కువైతే చస్తుంది. అదే రాగి చేపల తెల్లమచ్చల రోగానికి మందు!

"పోనీలెండి మావయ్యా, తెలియక చేశారు" అన్నాడు వాడు. దుకాణదారుకు ఫోను చేసి క్షమాపణ చెప్పుకున్నాం. మర్నాడు సగం నీళ్లు తోడి సింకులో వంపాడు. లోహాన్ని పట్టుకునే గుళికల సంచీ ఒకటి తొట్టెలో వేలాడదీశాడు. నాలుగు రోజుల్లో అది నీలంగా తిరిగింది.

"సింకులో నీళ్లు ఎక్కడికి పోతాయిరా?"

"డ్రైనేజీలోకి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మనకెందుకు మావయ్యా?"

పటాన్‌చెరు మాకు దూరమేం కాదు. అక్కడి కర్మాగారాల మురుగు నక్కవాగు పొడుగునా పొలాల్నీ బావుల్నీ పాడు చేసిందని 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టు కెక్కింది. తర్వాత శుద్ధి కేంద్రం వచ్చింది. అక్కడి నీటిని 18 కిలోమీటర్ల గొట్టం వేసి నగరం మురుగులో కలిపి, అంబర్‌పేట మీదుగా మూసీకి సాగనంపారు. నక్కవాగు ఊపిరి పీల్చుకుంది కాబోలు. మూసీ దిగువనా పొలాలున్నాయి మరి.

మా చెంబు రాగి దాని ముందెంత, మహా అయితే కొన్ని మిల్లీగ్రాములు. అయినా ఆ గొట్టం తర్కమూ మా సింకు తర్కమూ అక్కచెల్లెళ్లే. తెలియక పోసినందుకు నాకు క్షమాపణ దొరికింది. తెలిసి వంపినందుకు అడిగేవాడే లేడు. రెంటిలో ఏది పెద్ద తప్పో మీరే చెప్పాలి.

ఇప్పుడు కొత్త రొయ్యలొచ్చాయి. నీలం సంచీ మాత్రం పాత పేపరులో చుట్టి బాల్కనీలో ఉంది. చెత్తబండి రోజూ పొద్దున్నే వస్తుంది. వాడు నావైపు చూస్తాడు, నేను వాడివైపు చూస్తాను.