మొక్కు తీరిన ఇల్లు, తీరని ఇల్లు



లష్కర్ బోనాల వీడియో పెట్టాక మీలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, అమ్మవారిని నమ్ముకుంటే రేపటి గురించి భయం పోతుందా?" రెండు ముక్కల్లో రిప్లై ఇవ్వడం నా వల్ల కాలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా. ఇందులో నా సొంత విషయం ఉంది. నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది దాచిపెట్టి మీకు నమ్మకం గురించి చెప్పడం న్యాయం కాదు.

నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఇంజినీరింగ్ అయ్యాక ఒకే కంపెనీలో ఆరేళ్ళు కోడ్ రాశాను. ఈ ఏడాది ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున క్యాలెండర్‌లో పదిహేను నిమిషాల మీటింగ్ కనబడింది. నిజానికి అంతసేపు కూడా పట్టలేదు. మధ్యాహ్నానికల్లా లాప్‌టాప్ లాక్ అయిపోయింది. ఆ రోజు మా టీమ్‌లో నాతోపాటు ఇంకొకడి ఉద్యోగం కూడా పోయింది. నా పక్క సీటు వాడే. మూడేళ్ళు ఇద్దరం ఒకే టిఫిన్ డబ్బాలోంచి తిన్నాం.

మా ఇల్లు బోయిగూడలో. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యాడు. కొంపల్లి వైపు ఒక ఫ్లాట్ బుక్ చేసుకున్నాం. లోన్ నా పేరు మీదే, నెలకు 38 వేల ఈఎంఐ. అమ్మకు విషయం చెప్తే ఏడవలేదు. కొంగు సర్దుకుని ఒకటే మాట అంది. "ఏం గాదు బిడ్డా. అమ్మ సూసుకుంటది. నీకు నౌకరి దొరికితే ఈసారి బోనం నేనే ఎత్తుకుంట." ఆమెకు మోకాళ్ళ నొప్పులు. మూడేళ్ళుగా మా ఇంటి బోనం అక్కే ఎత్తుతోంది.

తర్వాత నాలుగు నెలలు ఎలా గడిచాయో, ఉద్యోగం పోయినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇంటర్వ్యూ బాగా జరిగిందనుకుంటే మెయిల్ రాదు. రాత్రి రెండింటికి లేచి, పీఎఫ్ డబ్బుతో ఇంకెన్ని ఈఎంఐలు కట్టొచ్చో లెక్క వేసుకోవడం. పొద్దున అదే లెక్క మళ్ళీ. జూన్ చివర్లో ఒక ఆఫర్ వచ్చింది. జీతం కాస్త తక్కువే, అయినా వచ్చింది. అమ్మ దేవుడి గూటి ముందు దీపం పెట్టి, "సూసినవా, అమ్మ ఇన్నది" అంది.

నేను తప్పు చేసింది ఆ రోజే. సంతోషంలో వాట్సాప్‌లో స్టేటస్ పెట్టాను. నమ్మినవాళ్ళను అమ్మవారు ఎప్పుడూ వదిలిపెట్టదు అని రాసి, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. ఎవరెవరు చూశారో అని సాయంత్రం తెరిస్తే వాడి పేరు కనబడింది. ఆ పక్క సీటు వాడు. వాడికి అప్పటికీ ఉద్యోగం రాలేదు. "కంగ్రాట్స్ మామా" అని మెసేజ్ కూడా పెట్టాడు.

వాళ్ళు క్రైస్తవులు. ఫిబ్రవరి నుంచి వాళ్ళమ్మ రోజూ పొద్దున్నే ఎస్‌డీ రోడ్డులోని సెయింట్ మేరీస్ చర్చికి వెళ్ళి కొడుకు కోసం ప్రార్థన చేస్తోందని నాకు తెలుసు. అంతా తెలిసీ నేను రాసిన వాక్యానికి ఇంకో అర్థం కూడా ఉంది. ఉద్యోగం రానివాళ్ళు సరిగ్గా నమ్మలేదు అని. స్టేటస్ తీసేశాను. కానీ చూడాల్సినవాడు చూసేశాడు.

ఆ ఆదివారం క్లాక్ టవర్ దగ్గర ఒక ఇరానీ హోటల్లో వాణ్ణి కలిశాను. చాయ్ చల్లారిపోయేదాకా నాకు మాట రాలేదు. చివరికి "సారీ రా, ఆ స్టేటస్..." అన్నాను. వాడు నవ్వాడు. "నా సంగతి వదిలేయ్ మామా. మా అమ్మే తట్టుకోలేకపోతోంది. తన ప్రార్థనలో ఏం లోపం ఉందని రోజూ అడుగుతోంది."

"నువ్వేమన్నావ్?"

"గెత్సేమనే తోట గుర్తుచేశాను" అన్నాడు. నాకు తెలీదంటే చెప్పాడు. యేసును పట్టుకుపోయే ముందు రాత్రి సంగతి అది. జరగబోయేది తెలిసి ఆయన కూడా కలవరపడ్డాడట. ఈ చేదు గిన్నె నా దగ్గరనుంచి తప్పించమని తండ్రిని అడిగాడట. అడిగి, చివరికి నా ఇష్టం కాదు, నీ ఇష్టమే జరగనీ అన్నాడట. గిన్నె తప్పలేదు. తెల్లారితే శిలువే. "మరి ఆయన ప్రార్థనలో లోపం ఉందంటామా? మా అమ్మకు అదే చెప్పాను. అడిగింది రాకపోతే నమ్మకం తక్కువైందని కాదు అని."

వాడు ఇంకో మాట కూడా అన్నాడు. యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థనలో రొట్టె అడుగుతారు. అది కూడా ఆ రోజుకు సరిపడా మాత్రమే. పైగా "నాకు" అని ఉండదు, "మాకు" అని ఉంటుంది. "పదేళ్ళ రోడ్‌మ్యాప్ ఇవ్వమని అందులో ఎక్కడా లేదు మామా" అన్నాడు.

ఇంటికి నడుచుకుంటూ వస్తుంటే ఆ "మాకు" అనే మాట నన్ను వదల్లేదు. ఇలాంటిది మన దగ్గర లేదా అని ఆలోచిస్తే, చిన్నప్పటినుంచి వింటున్న కథే కొత్తగా కనబడింది. మన ఉజ్జయిని మహాకాళి గుడి కథ.

ఆలయ చరిత్ర ప్రకారం, సురిటి అప్పయ్య అనే ఆయన ఇక్కడి సైన్యంలో డోలీ మోసే పని చేసేవాడు. 1813లో ఆయన పనిచేసే దళాన్ని ఉజ్జయినికి పంపారు. ఆ సమయంలో ఇక్కడ జంట నగరాల్లో కలరా వచ్చింది. ఆయన అక్కడ మహాకాళి గుడికి వెళ్ళి, మా ఊళ్ళో ఈ రోగం తగ్గితే నిన్ను మా దగ్గర ప్రతిష్ఠ చేసుకుంటాం తల్లీ అని మొక్కుకున్నాడు. 1815లో తిరిగొచ్చి, చెక్కతో చేసిన విగ్రహాన్ని నిలబెట్టాడు. 1864లో ఆ స్థానంలో రాతి విగ్రహం వచ్చింది. ఈ కథ మనందరికీ తెలుసు. కానీ ఆయన మొక్కుకున్న ఆ క్షణంలో ఒకసారి నిలబడి చూడండి.

ఊరు ఏడెనిమిది వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఫోన్ లేదు, రైలు లేదు. మనిషి మోసుకొచ్చే కబురు ఎప్పుడు చేరుతుందో తెలీదు. ఆయన మొక్కుకునే సమయానికి తనవాళ్ళలో ఎవరున్నారో, ఎవరు లేరో తెలిసే దారే లేదు. అసలు కలరా ఎందుకొస్తుందో ఆ రోజుల్లో ప్రపంచంలో ఎవరికీ తెలీదు. కలుషితమైన నీళ్ళే కారణమని లండన్‌లో జాన్ స్నో అనే డాక్టర్ చూపించింది 1854లో, అంటే నలభై ఏళ్ళ తర్వాత. నా నాలుగు నెలల చీకటి ఆయన చీకటి ముందు ఎంత?

ఆ చీకట్లో ఆయన అడిగింది ఊరి కోసం. నా ప్రమోషన్, నా ఇల్లు అనలేదు. మొక్కు తీరాక కట్టిందీ తన ఒక్కడి కోసం కాదు, ఊరందరూ వచ్చి నిలబడే చోటు. "ఇది జరిగితే అది చేస్తా" అనే మొక్కు మనకు కోడ్‌లో ఇఫ్ కండిషన్‌లా, బేరంలా కనబడొచ్చు. నేనూ అలాగే వెక్కిరించేవాణ్ణి. కానీ కలరా బారినుంచి ఒక ఊరికి చెక్క విగ్రహం ధర అవుతుందా? అది బేరం అయ్యే అవకాశమే లేదు. వచ్చిన మేలును నా గొప్ప అనుకోకుండా, నలుగురి ముందు కృతజ్ఞతగా తిరిగి పెడతానని తనను తాను కట్టేసుకోవడమే మొక్కు అని ఇప్పుడు నాకనిపిస్తుంది. నా స్టేటస్‌లో లోపించింది సరిగ్గా అదే.

ఇక భవిష్యత్తు సంగతి. రేపు ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం పోతుందని మనం అనుకుంటాం. గీత పదకొండో అధ్యాయంలో అర్జునుడికి అది తెలిసింది. విశ్వరూపంలో భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు అందరూ మృత్యువు నోట్లోకి పోతూ కనిపించారు. యుద్ధం ఎలా ముగుస్తుందో కళ్ళారా చూశాడు. ధైర్యం వచ్చిందా? వణికిపోయాడు. ఆ రూపం చాలు, నాకు తెలిసిన ఆ పాత రూపమే మళ్ళీ చూపించమని వేడుకున్నాడు. రేపటిని చూసినవాడు చివరికి కోరుకున్నది తన పక్కన రథం మీద కూర్చునే స్నేహితుణ్ణి.

గీతలోనే తొమ్మిదో అధ్యాయంలో ఒక హామీ ఉంది. తనను నమ్ముకున్నవాళ్ళ యోగక్షేమాలు తాను మోస్తానంటాడు కృష్ణుడు. ఎల్‌ఐసీ లోగో కింద ఉండేది ఆ శ్లోకంలోని ముక్కే. యోగం అంటే లేనిది సమకూరడం, క్షేమం అంటే ఉన్నది నిలబడటం అని పెద్దలు చెప్తారు. అక్కడ ఉన్న మాట మోయడం. దారి ముందే చూపిస్తానని లేదు, రాయి తగలదని లేదు. డోలీలో పడుకున్న గాయపడ్డ మనిషికి దారి కనబడదు. మోసేవాడి భుజం మీద భరోసా, అంతే. ఆ బరువేంటో అప్పయ్యకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

అలాగని నమ్మినవాడు నోరు మూసుకుని నవ్వుతూ ఉండాలని కూడా ఎవరూ అనలేదు. కంచర్ల గోపన్నను, అంటే మన భద్రాచల రామదాసును, తానీషా గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు పెట్టించాడని చెప్తారు. విడుదల ఎప్పుడో ఆయనకు తెలీదు. ఆయన రాముణ్ణి స్తుతించాడు, తిట్టాడు కూడా. నీకూ నీవాళ్ళకూ చేయించిన నగలకు ఎంతెంత అయిందో లెక్కలు చెప్పి మరీ దెప్పాడు. మనం ఇప్పటికీ ఆయన్ను భక్తుడనే అంటాం. కోపం వచ్చినా మాట్లాడటం మానలేదు కాబట్టి. అందుకే ఇప్పుడు కష్టంలో ఉన్నవాళ్ళెవరైనా దేవుడి మీద అలిగితే, "అయ్యో అలా అనకూడదు" అని వాళ్ళ నోరు మూయించకండి.

మొన్న బోనాల ఆదివారం అమ్మ మాట నిలబెట్టుకుంది. స్నానం చేసి, కొత్త కుండకు పసుపు కుంకుమలు పెట్టి, అన్నం వండి, వేపాకులు చుట్టి, పైన దీపం వెలిగించి నెత్తికెత్తుకుంది. జనరల్ బజార్ సందుల్లో క్యూ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక పక్క నేను పట్టుకున్నా. ఇంకో పక్క వాడు పట్టుకున్నాడు. పిలవకుండానే వచ్చాడు. "ఆంటీ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు కదా" అన్నాడు. గుళ్ళోంచి బయటికొచ్చాక అమ్మను అడిగాను, ఏం మొక్కుకున్నావని. "నీది అయిపోయె గద. ఈ పిల్లగాని పేరు జెప్పిన" అంది. వాడు తల తిప్పుకుని పోతరాజు ఆటను చూస్తున్నట్టు నిలబడ్డాడు.

మర్నాడు రంగం. పచ్చికుండ మీద నిలబడి మాతంగి భవిష్యవాణి చెప్తుంటే ఈసారి శ్రద్ధగా విన్నాను. వేల మంది చెవులు అటే. ఎవరి ఉద్యోగం ఎప్పుడొస్తుందో అక్కడ వినబడదు. వానలు, పంటలు, రోగాలు, మనం చేసేదాంట్లో తప్పొప్పులు, నా బిడ్డలను నేను చూసుకుంటాననే మాట. మన ఊళ్ళో భవిష్యత్తు చెప్పే అతి పెద్ద వేదిక మీద కూడా నా ఒక్కడి రేపు లేదు, మన అందరి రేపు ఉంది. విని జనం ఎవరి పనికి వాళ్ళు వెళ్ళిపోయారు. నేనూ పన్నెండింటికి లాగిన్ అయ్యాను.

ఇది రాసే సమయానికి వాడికింకా ఉద్యోగం రాలేదు. రెండు చోట్ల నేను రిఫర్ చేశాను, ఒకచోట రెండో రౌండ్ నడుస్తోంది. నాకేమో ఆరు నెలల ప్రొబేషన్. డిసెంబర్ తర్వాత నా సంగతీ నాకు తెలీదు. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది. భయం పూర్తిగా పోలేదు. రాత్రి రెండింటికి ఇప్పటికీ ఒక్కోసారి మెలకువ వస్తుంది. కానీ లెక్కలు వేయడం మానేశాను. ఈ రోజుకు సరిపడా ఇవ్వు తల్లీ అంటాను, "మాకు" అంటాను, ఆ "మాకు"లో ఎవరెవరున్నారో పేర్లు చెప్తాను. ఆలోపు నిద్ర వచ్చేస్తుంది.

మీకు అడిగింది దొరికి ఉంటే, స్టేటస్ పెట్టే ముందు దొరకనివాళ్ళు ఎవరు చూస్తారో ఒక్కసారి ఆలోచించండి. దొరక్కపోయి ఉంటే, మీ మొక్కులో లోపం ఉందని ఎవరు చెప్పినా నమ్మకండి. ఈ రాత్రి దీపం పెట్టేటప్పుడు మీ పేరుతోపాటు ఇంకొకరి పేరు చెప్పండి. వాళ్ళు ఏ గుడికి వెళ్తారో, ఏ చర్చికి వెళ్తారో అమ్మవారు అడగదు.

జై మహాకాళి. ఉంటాను.