గోడ అవతల ఏముంది?

ఒక రసాయనాల కంపెనీ తను వెలసిన ఊరికి ఏం బాకీ పడుతుంది? నలుగురు తెలుగువాళ్ళు కూర్చున్న చోట ఈ ప్రశ్న వేసి చూడండి. ఒకరు ఉద్యోగాలంటారు, పన్నులంటారు. ఇంకొకరు చట్టానికి కట్టుబడి, రాజకీయాల్లో వేలు పెట్టకుండా ఉంటే చాలంటారు. మరొకరు బడి కట్టించాలి, ఆస్పత్రి కట్టించాలి అంటారు. ఆర్థికం, రాజకీయం, సామాజికం - మూడు బాధ్యతలూ వచ్చేశాయి. నాలుగో ఆయన, బహుశా ఎం.బి.ఏ. చదివినవాడు, మిల్టన్ ఫ్రీడ్‌మన్‌ని సాక్ష్యానికి పిలుస్తాడు. ఆట నియమాలకు లోబడి లాభాలు పెంచుకోవడమే కంపెనీకున్న ఏకైక సామాజిక బాధ్యత అని ఆయన 1970లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజీన్‌లో వాదించాడు.

నలుగురి మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కాని వీటన్నిటికంటే ముందు తీర్చవలసిన బాకీ ఒకటుందని నా నమ్మకం. గోడకి ఇవతల కాపురముంటున్న వాళ్ళకి గోడ అవతల ఏముందో చెప్పడం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఎంత పెద్దదో తెలియాలంటే వెస్ట్ వర్జీనియాలోని ఒక చిన్న ఊరి కథ తెలియాలి.

ఆ ఊరి పేరు ఇన్‌స్టిట్యూట్. కనావా నది ఒడ్డున ఉంటుంది. నల్లజాతి విద్యార్థుల కోసం 1891లో పెట్టిన కాలేజీ చుట్టూ పెరిగిన ఊరు. ఆ నది లోయలోనే యూనియన్ కార్బైడ్ 1920లలో సహజవాయువు నుంచి రసాయనాలు తీయడం మొదలుపెట్టింది. అమెరికా పెట్రోకెమికల్ పరిశ్రమకి అదొక పుట్టిల్లు. తరాల తరబడి ఆ లోయకి అన్నం పెట్టింది కూడా ఆ పరిశ్రమే. ఇన్‌స్టిట్యూట్‌లో కాలేజీ పక్కనే ఉన్న కార్బైడ్ ఫ్యాక్టరీలో మిథైల్ ఐసోసయనేట్ తయారయ్యేది. ఈ పేరు మనకి కొత్త కాదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్ మీద విరుచుకుపడింది అదే. అక్కడి కంపెనీలో సగానికి పైగా వాటా ఈ కార్బైడ్‌దే. ప్రభుత్వ లెక్కల్లోనే వేలమంది పోయారు. చాలామందికి తమని చంపుతున్నదేమిటో తెలియదు. తడిగుడ్డ ముఖానికి కప్పుకోవాలని చెప్పిన నాథుడు లేడు. కంటి మంటలతో వచ్చినవాళ్ళకి ఏ మందు ఇవ్వాలో డాక్టర్లకీ తెలియదు.

భోపాల్ జరిగిన ఎనిమిది నెలలకి, 1985 ఆగస్టులో, ఇన్‌స్టిట్యూట్ ఫ్యాక్టరీలోనే మరో విషరసాయనం లీకై వందమందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. "అది ఇండియాలో కాబట్టి జరిగింది" అనుకునే ధైర్యం దాంతో పోయింది. 1986 అక్టోబరులో ప్రజలకి తెలుసుకునే హక్కునిస్తూ ఒక చట్టం వచ్చింది. ఫ్యాక్టరీలో ఏ ప్రమాదకర రసాయనం ఎంత నిలవుందో స్థానిక అధికారులకీ, ఫైర్ డిపార్ట్‌మెంటుకీ చెప్పాలి. గాలిలోకి, నీటిలోకి ఏం వదులుతున్నారో ఏటా లెక్క చెప్పాలి. ఆ లెక్క జనం చూడొచ్చు. ఇవాళ అమెరికాలో ఎవరైనా తమ జిప్‌కోడ్ కొట్టి దగ్గర్లోని ఫ్యాక్టరీల చిట్టా చూడగలుగుతున్నారంటే అది ఊరూ పేరూ లేకుండా పోయిన భోపాల్ బస్తీవాళ్ళు పెట్టిన భిక్ష. ఈ సంగతి మన పిల్లలకి ఎవరూ చెప్పరు.

ఆ చట్టం ఏ రసాయనాన్నీ నిషేధించలేదు, ఏ ఫ్యాక్టరీనీ మూయించలేదు. చెప్పమంది, అంతే. మొదటి లెక్కలు బయటికొచ్చే వేళకి, 1988లో, మోన్‌శాంటో కంపెనీ గాలిలోకి వదిలే విషవాయువుల్ని 1992 చివరికల్లా తొంభై శాతం తగ్గిస్తానని తనంతట తనే ప్రకటించింది. నలుగురికీ తెలుస్తుందంటే మనిషికి సిగ్గు పుడుతుంది. కంపెనీకీ పుడుతుందన్నమాట!

మరి రాజకీయ బాధ్యత? దానికీ ఇన్‌స్టిట్యూట్‌లోనే జవాబు దొరికింది. అప్పటికి ఫ్యాక్టరీ బేయర్ క్రాప్‌సైన్స్ చేతిలో ఉంది. 2008 ఆగస్టు 28 రాత్రి అక్కడ పేలుడు జరిగి ఇద్దరు కార్మికులు చనిపోయారు. అక్కడికి దాదాపు ఎనభై అడుగుల దూరంలోనే మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకు ఉంది. నలభై వేలమంది మూడు గంటలకి పైగా తలుపులు బిగించుకుని కూర్చున్నారు. పేలిందేమిటో అత్యవసర సిబ్బంది ఫోన్ చేసి అడిగినా ఫ్యాక్టరీ నుంచి సరైన సమాధానం రాలేదు. తరవాత విచారణ మొదలైతే, ఫ్యాక్టరీకి నది మీద రేవు ఉంది కాబట్టి ఈ వివరాలు రేవుల భద్రతా చట్టం కింద రహస్యమని కంపెనీ అడ్డం తిరిగింది. ఆ చట్టం 2001 సెప్టెంబరు 11 తరవాత ఉగ్రవాదుల భయంతో చేసింది. చివరికి 2009 ఏప్రిల్‌లో కాంగ్రెస్ విచారణలో కంపెనీ అధిపతే ఒప్పుకున్నాడు: రహస్యం అనడానికి ఒక కారణం, ఆ రసాయనం మీద బహిరంగ చర్చ జరగకుండా చూడాలనుకోవడమేనని.

ఉగ్రవాదుల భయం ఉత్తిదని నేననను. కాపలావాడి డ్యూటీ వేళలు చాటింపు వెయ్యమని ఎవరూ అడగలేదు. కాని మంటలార్పడానికి వచ్చినవాడికి ఏం మండుతోందో చెప్పకపోతే ఆ రహస్యం కాపాడింది ఎవర్ని? వద్దనుకున్న చర్చ జరిగాక ఏమైందో చూడండి. అదే ఏడాది ఆగస్టులో బేయర్ ఆ రసాయనం నిలవని ఎనభై శాతం తగ్గిస్తానంది. 2011లో దాని తయారీయే మానేసింది. ఫ్రీడ్‌మన్ గారి వాదనలో నాకు కనిపించే లోపం ఇక్కడే. ఆటగాడే నియమాలని తనకి కావలసినట్టు వంచుకుంటుంటే, నియమాలకి లోబడ్డానంటే సరిపోతుందా?

ఇక మన ఊరికొద్దాం. భోపాల్ తరవాత ఇండియాలోనూ చట్టం మారింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదాల వివరాలు కార్మికులకీ, చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలన్నారు. ముప్ఫై మూడేళ్ళ తరవాత, 2020 మే 7 తెల్లవారుజామున, విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. పన్నెండుమంది చనిపోయారు. వందలమంది ఆస్పత్రుల్లో చేరారు. సైరన్ మోగించే ఏర్పాటు ఉండి కూడా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. చనిపోయిన వారి కుటుంబాలకి ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ఇచ్చింది. ఒక్క సైరన్ మోగించడానికి ఎంతవుతుంది?

ఇండియాలో పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక కార్యక్రమాలకి ఖర్చు చెయ్యాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. మంచిదే. కాని బడికి గదులు కట్టించి, గ్యాస్ వాసన వస్తే ఎటు పరుగెత్తాలో ఆ గదుల్లో కూర్చున్న పిల్లలకి చెప్పకపోతే అది దానమవుతుంది గాని బాధ్యత తీరదు. దానం ఇచ్చేవాడి ఇష్టం. బాకీ అలాక్కాదు, అడిగి తీసుకునే హక్కు అవతలివాడికుంది.

సాఫ్ట్‌వేర్‌లో మాకొక మర్యాద ఉంది. ప్రోగ్రాం కస్టమర్ చేతికిచ్చేటప్పుడు తెలిసిన లోపాల జాబితా కూడా ఇస్తాం. ఆ జాబితా ఇచ్చినందుకు ఎవరూ కొనడం మానెయ్యరు. దాచి పట్టుబడితే మానేస్తారు. ఒక రిపోర్టు తప్పు లెక్క చూపిస్తుందన్న పాటి దానికే ఇంత మర్యాద పాటించేవాళ్ళం, ఊపిరితిత్తుల విషయంలో అంతకన్న తక్కువకి ఎందుకు ఒప్పుకోవాలి?

"అలా అడుగుతూ పోతే కంపెనీలు రావు, పిల్లలకి ఉద్యోగాలు రావు" అనే మాట కనావా లోయలోనూ వినిపిస్తుంది, గాజువాకలోనూ వినిపిస్తుంది. కడుపు సంగతి తెలిసినవాళ్ళ మాట అది, తీసిపారెయ్యకూడదు. అయితే ప్రమాదంతో పాటే ఉద్యోగం కావాలనుకునే స్వేచ్ఛ కూడా ఆ ప్రమాదమేమిటో తెలిసినవాడికే ఉంటుంది. తెలియనివాడు ఒప్పుకున్నట్టు కాదు.

ఇక్కడున్న మనలో చాలామందికి 401(కె) పొదుపు ఉంది. అందులో ఏదో ఒక ఫండు ద్వారా ఇలాంటి కంపెనీల్లో పిసరంత వాటా కూడా ఉండే ఉంటుంది. మన జిల్లాకి కొత్త ఫ్యాక్టరీ వస్తోందన్న వార్త చూస్తే ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు, ఎన్ని ఉద్యోగాలు అని అడుగుతాం. లోపల ఏం నిలవ ఉంచుతారు, పక్క ఊరికి ఎవరు చెబుతారు అని కూడా అడుగుదాం. జిప్‌కోడ్‌కి దొరికే జవాబు పిన్‌కోడ్‌కీ దొరకాలి. భోపాల్‌వాళ్ళు చెల్లించిన వెలకి అమెరికాలో మనకి దక్కిన హక్కు వెంకటాపురంలో ఉన్నవాళ్ళకి దక్కకపోవడం న్యాయం కాదు.