తొలిచూపు, వ్యాపార ధర్మం

వ్యాపారంలో మొదటిసారి ఎదురుపడిన ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. సరుకు ఇంకా వాడి చూడలేదు, మాట మీద నిలబడే మనిషో కాదో తేలలేదు. అయినా కొట్టు సర్దిన తీరు, పలకరింపు, పైన పరిచిన సరుకు చూసే సగం బేరం కుదిరిపోతుంది. కనిపించేదాన్ని బట్టి కనిపించనిదాన్ని నమ్మాల్సిన ఈ స్థితిలో అమ్మేవాడు ఎంతవరకు మెరుగులు దిద్దవచ్చు అన్నది పాత ధర్మసందేహమే.

ఇస్లాం సంప్రదాయం దీనికి ఒక ధాన్యపు రాశి దగ్గర జవాబు చెబుతుంది. సహీహ్ ముస్లిం హదీసుల ప్రకారం, ప్రవక్త ముహమ్మద్ ఒక రాశి పక్కగా వెళ్తూ అందులోకి చెయ్యి పెట్టారు. లోపల వేళ్లకు తడి తగిలింది. వాన పడిందన్నాడు యజమాని. మరి ఆ తడిసినదాన్ని అందరికీ కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసం చేసేవాడు తనవాడు కాడన్నారు ప్రవక్త. ఆ వర్తకుడు అబద్ధమాడలేదు, అడగ్గానే నిజమే చెప్పాడు. వాన అతని తప్పూ కాదు. తప్పంతా ఏది పైన ఉంచాడన్నదాంట్లోనే ఉంది. మేలురకం కాయలు పైకి సర్దే ఏ మార్కెట్‌కైనా ఈ తీర్పు సూటిగా తగులుతుంది.

రోమన్ తత్త్వవేత్త సిసెరో క్రీ.పూ. 44లో కొడుకు కోసం రాసిన ధర్మగ్రంథంలో ఇంతకన్నా ముదిరిన మోసం ఉంది. సిరక్యూజ్‌లో పైథియస్ అనే వడ్డీ వ్యాపారి తన తోటకు కానియస్ అనే రోమన్‌ను విందుకు పిలిచాడు. ముందే బెస్తలను పిలిపించి, మర్నాడు తోట ముందరే చేపలు పట్టమన్నాడు. అతిథి వచ్చేసరికి నీటి నిండా పడవలు. బెస్తలు ఒక్కొక్కరే వచ్చి చేపలు తెచ్చి పైథియస్ కాళ్ల ముందు పోశారు. కానియస్ మోజుపడి, అడిగినంతా ఇచ్చి తోట కొన్నాడు. తెల్లవారితే ఒక్క పడవా లేదు. బెస్తలకు సెలవు రోజా అని పొరుగాయనను అడిగితే, ఇక్కడ ఎవరూ చేపలు పట్టరు, నిన్నటి సందడి చూసి నేనే ఆశ్చర్యపోయానన్నాడు. పైకి ఒకటి నటించి లోపల మరొకటి నడిపించడమే మోసమని నిర్వచించిన న్యాయవేత్త అక్విలియస్ సూత్రాలు అప్పటికింకా రాలేదు, కాబట్టి కానియస్ చేయగలిగింది ఏమీ లేకపోయింది. చూపినదానికీ అమ్మినదానికీ తేడా ఉండకూడదన్న నియమం ఇప్పుడు చట్టాల్లో ఉంది: మన దేశంలో 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం, మచ్చు చూపి అమ్మితే మొత్తం సరుకు నాణ్యతలో మచ్చుకు సరితూగాలని, రెంటినీ పోల్చి చూసుకునే వీలు కొనేవాడికి ఉండాలని 17వ సెక్షన్‌లో చెబుతోంది.

మోసం లేకపోతే చాలా? ఇమాన్యుయేల్ కాంట్ 1785లో ఈ ప్రశ్నే వేశాడు. చిన్నపిల్లవాడు వచ్చినా అదే ధరకు అమ్మే దుకాణదారు నిజాయితీపరుడే; అయితే గిరాకీ నిలుపుకోవడానికే అలా చేస్తే అందులో నైతిక విలువ లేదంటాడు. కఠినంగా అనిపించినా ఈ మాటలో బలముంది. లాభం కోసం చూపిన మర్యాద, మళ్లీ రాని ప్రయాణికుడి దగ్గర ఎందుకు నిలవాలి?

మహాభారతం శాంతిపర్వంలోని తులాధారుడు నిలిపి చూపాడు. తపోగర్వంతో జాజలి అనే తపస్వి వారణాసిలో అతని అంగడికి వస్తే, ఈ వర్తకుడు సంతోషంగా లేచి ఎదురువెళ్లి స్వాగతం చెబుతాడు. తన త్రాసు సకల ప్రాణులకూ ఒకటేనంటాడు. ఎవరు వచ్చినా మారని త్రాసు వెనుక ఉన్నప్పుడు ఆ స్వాగతంలో నటనకు చోటులేదు.

చూసేవాడికీ ధర్మముంది. అదే భారతం అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడు మిథిలలో ధర్మవ్యాధుడి మాంసపు దుకాణం చూసి దూరంగా ఆగిపోతాడు. వ్యాధుడే వచ్చి నమస్కరించి, ఈ చోటు మీకు తగదు, ఇంటికి వెళ్దాం రమ్మంటాడు. దుకాణాన్ని దాచలేదు, వచ్చినవాడి ఇబ్బందిని గుర్తించకుండానూ ఉండలేదు. కౌశికుడు తొలిచూపుకే వెనుదిరిగి ఉంటే ధర్మం బోధించే గురువును పోగొట్టుకునేవాడు. సరుకును పరీక్షించి కొనే హక్కు ఎంతటిదో, మనిషిని పరీక్షించకుండా తోసిపుచ్చకూడదన్న బాధ్యతా అంతటిదే.