చివరి వరుసలో ఎవరు కూర్చుందురు?

(ఈ మాసపు ధ్యానమునకు లూకా సువార్త 14వ అధ్యాయము చదువుకొనవలెను.)



లూకా సువార్త పదునాల్గవ అధ్యాయములో మనకు ముగ్గురు మనుష్యులు కనబడుదురు. ఒకడు విందుకు వెళ్లి యే పీట మీద కూర్చుండవలెనా అని చూచువాడు. ఒకడు అయిదు జతల యెడ్లను కొని, కొన్న పిమ్మట వాటిని పరీక్షింపబోవువాడు. మరియొకడు గోపురము కట్టదలచి ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క వేయవలసినవాడు. ఈ ముగ్గురిని వెంటబెట్టుకొని మేము ఈ మాసము సుబేదారిలో మోటారుకారు కొనదలచిన యొక యింటికి వెళ్లదలచితిమి.

కారు కొనుట యెక్కడ, ధర్మవిచార మెక్కడ అని కొందరు నవ్వవచ్చును. అయితే ఇల్లు, పెండ్లి, పిల్లల చదువు అను వాటి తరువాత మధ్యతరగతి కుటుంబము చేయు పెద్ద ఖర్చు తరచుగా ఇదియే. ఇంటిలో ఎవరి మాట చెల్లునో, ఎవరి సుఖము లెక్కకు వచ్చునో చిన్న ఖర్చులలో తెలియదు. ఇట్టి పెద్ద ఖర్చులో తేటపడును.

ఆ యిల్లు ఇట్లుండునని అనుకొందము. కలెక్టరు కచేరికిని ఆర్ట్సు కాలేజీకిని నడిచిపోదగిన దూరములో నున్నది. యజమానుడు, అతని భార్య, ఇద్దరు పిల్లలు, అతని తలిదండ్రులు, భర్త లేని మేనత్త, వెరసి ఏడుగురు. ఉన్న చిన్నకారులో ఏడుగురు పట్టరు. నాయనమ్మ మోకాళ్లను చూపించుటకు హైదరాబాదు పోవలెను; అది సుమారు 145 కిలోమీటర్ల దారి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమును ఒక క్రిస్మసు నాడైనను అందరు కలిసి చూడవలెనని తాతగారి కోరిక. కాబట్టి మూడు వరుసల బండి కావలెనని నిశ్చయించిరి. ఇంతవరకు తప్పు పట్టవలసిన దేమియు లేదు. వృద్ధులను ఇంట విడిచిపెట్టి తాము మాత్రము తిరుగుటకంటె ఇది మేలైన తలంపే.

ఇట్టి కుటుంబములు ఈ కొన్ని యేండ్లలో ప్రక్క ప్రక్కన బెట్టి పోల్చిన బండ్లలో రెండు టాటా సఫారి, మహీంద్రా ఎక్స్‌యూవీ 700. రెండును 2021లోనే వచ్చినవి. సఫారి అను పేరు మాత్రము 1998 నాటిది. రెండును పూనా ప్రాంతమునందే తయారైనవి. ఆ సంవత్సరపు కొలతల ప్రకారము సఫారి పొడవు 4,661 మిల్లీమీటర్లు, ఎక్స్‌యూవీ 700 పొడవు 4,695. ముందు చక్రములకును వెనుక చక్రములకును నడుమ దూరము ఒకదానికి 2,741, రెండవదానికి 2,750. తేడా తొమ్మిది మిల్లీమీటర్లు. చిటికెన వ్రేలి గోరంత! సఫారి మొదట డీజిలుతో మాత్రమే వచ్చెను. దాని బలము సుమారు 170 హార్సుపవరు. రెండవదానికి పెట్రోలు, డీజిలు రెండును ఉండెను. పెట్రోలు ఇంజనుకు సుమారు 200, పై తరగతి డీజిలుకు సుమారు 185. పేర్లును హంగులును ఏటేట మారుచుండును గాని పోలిక జరుగు తీరు మారదు.

ఆ తీరు ఎట్టిది? యజమానుడు షోరూమునకు పోవును. స్టీరింగు పట్టుకొని కూర్చుండును. ఎదుట నున్న పెద్ద తెరను వ్రేలితో త్రాకి చూచును. పైకప్పు అద్దము తెరచుకొనుటను చూచి సంతోషించును. మంచి రోడ్డు మీద రెండు మైళ్లు నడిపించి, ఇంజను లాగుడును మెచ్చుకొని దిగును. ఇంటికి వచ్చి భోజనమువేళ రెండింటి గుణములను గంటసేపు వర్ణించును. అప్పుడు నాయనమ్మ, “నాదేముంది బిడ్డా, నేను యేడనన్న సర్దుకుంట” అనును. మేనత్త యేమియు అనదు. దానితో విషయము తీరిపోవును.

చదువరులారా, మా ప్రశ్న ఇక్కడనే. మూడవ వరుస నిమిత్తమే పెద్ద బండి కొనుచున్నామని చెప్పిరి గదా! అట్లయితే ఆ మూడవ వరుసలో కూర్చుండి చూచినవారెవరు?

ఎడ్లను కొన్నవానిని ఇప్పుడు తలంచుకొందము. మన పల్లెలలో ఏ రైతును అట్లు చేయడు. అంగడిలో పండ్లు చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించును, అటుపిమ్మటనే రొక్కము విప్పును. సువార్తలోనివాడు కొని, ఆ మీదట పరీక్షకు బయలుదేరెను; ఆ పరీక్ష విందుకు రాకుండుటకు సాకుగా మాత్రమే పనికివచ్చెను. మనవాడు పరీక్ష చేసెను, నిజమే. అయితే ఏ స్థలము కొరకు బండి కొనుచున్నాడో ఆ స్థలమును విడిచి, తనకు ఇష్టమైన స్థలమును పరీక్షించెను. ఎద్దును కాడి క్రింద చూడక, దాని కొమ్ములకు పూసిన రంగును చూచుట వంటిది ఇది.

ఈ బండ్లలో చివరి వరుస ఎట్లు పుట్టినదో తెలిసికొనుట మంచిది. టాటావారి హారియర్ అయిదుగురి బండి, 2019లో వచ్చెను. సఫారి దాని తోబుట్టువు. చక్రముల నడుమ దూరము మారలేదు. వెనుక 63 మిల్లీమీటర్లు పొడిగించి, పైకప్పును వెనుకవైపు కొంచెము లేపి, సామానుల చోట మూడవ వరుసను అమర్చిరి. ఎక్స్‌యూవీ 700ను అయిదుగురికిని ఏడుగురికిని అదే పొడవున చేసిరి. ఇందులో మోసమేమియు లేదు. ఆ కొలతలో ఎవరు చేసినను అంతే. అయితే సామానుల చోటు నుండి కోసి యిచ్చిన పీట అది యని కొనువాడు ఎరిగి యుండవలెను. పీట నేలకు దగ్గరగా నుండును గనుక మోకాళ్లు పైకి లేచును. ఏడుగురు కూర్చున్న దినమున పెట్టెలకు చోటు చాలదు. అవి పైకప్పు మీదికైనను చివర కూర్చున్నవారి ఒడిలోనికైనను చేరును.

భద్రత మాట కూడ చెప్పుకొందము, ఏలయనగా అది ప్రాణముల మాట. గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ 2021లో ఎక్స్‌యూవీ 700ను గుద్ది చూచి, పెద్దల రక్షణకు 17కు 16.03 మార్కులతో అయిదు నక్షత్రములు, పిల్లల రక్షణకు నాలుగు నక్షత్రములు ఇచ్చెను. 2023లో క్రొత్తరూపు సఫారికి పెద్దల విషయమున 34కు 33.05 మార్కులతో అయిదు, పిల్లల విషయమునను అయిదు నక్షత్రములు ఇచ్చెను. యజమానుడు ఈ అంకెలను కంఠస్థము చేసెను. అయితే నడుమ పరీక్షయే మారినది. 2022 నుండి నియమములు కఠినమైనవి. పదవ తరగతి మార్కులను ఇంటర్ మార్కులతో తూచుట న్యాయము కాదు. అంతకంటె ముఖ్యమైన దొకటి గలదు. ఎదురుగా గుద్దించు ఆ పరీక్షలో ముందు వరుసలో ఇద్దరు పెద్దల బొమ్మలను, వారి వెనుక వరుసలో ఇద్దరు చిన్నపిల్లల బొమ్మలను కూర్చుండబెట్టుదురు. మూడవ వరుస ఖాళీయే. ఆ నక్షత్రములు విలువైనవే. గాని మేనత్త కూర్చుండు చోటును గూర్చి అవి నోరు విప్పవు. ఆమెవలెనే ఊరకుండును.

ఇప్పుడు గోపురము కట్టువాని లెక్క. దీనిని త్వరగా ముగింతము. ఇరువది లక్షలు తొమ్మిది శాతము వడ్డీకి ఏడేండ్ల గడువుతో అప్పు తెచ్చినయెడల నెలకు సుమారు 32,180 రూపాయలు కట్టవలెను. మొత్తము 27 లక్షలు దాటును. వడ్డీయే ఏడు లక్షలు. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్దబండ్ల మీద, వెనుకటి 28 శాతము జి.ఎస్.టి.కిని 22 శాతము సెస్సుకును బదులుగా, 40 శాతము పన్ను మాత్రమే వచ్చెను. తగ్గినది గదా అని కొందరు తొందరపడిరి. తగ్గిన పన్ను మన రాబడి కాదు. అక్కరలేనిది తగ్గింపులో కొన్నను అక్కరలేనిదే. ఆ నెలసరి కిస్తు కొరకు నాయనమ్మ మోకాలి వైద్యము వాయిదా పడునేమో చూడవలెను. ఆమెను ఆసుపత్రికి తీసికొనిపోవుటకు కొన్న బండి ఆమె వైద్యపు సొమ్మును మ్రింగినచో అంతకంటె వింత యేమి కలదు?

ఇక్కడ బుద్ధిమంతుడైన చదువరి యొకడు మమ్మును అడ్డగించును: “ఏడాదికి పది దినములు నిండు వరుసను చూచి, మూడువందల దినములు నడుపువాని సౌఖ్యమును త్రోసివేయుదురా? అందరి ప్రాణములు నడుపువాని చేతిలో నున్నవి గదా!” ఈ మాటలో సత్యము గలదు. నడుపువానికి నడుము నొప్పి పుట్టించు బండి ఎవరికిని క్షేమము కాదు. అయితే ఈ యాక్షేపణను చివరివరకు తీసికొనిపోయిన ఏమి తేలును? మూడవ వరుస నిండునది పది దినములే యైనచో పెద్ద బండి అక్కరయే లేదు. ఉన్న చిన్నకారుతో కచేరికి పోవచ్చును. ఆ పది దినములకు పెద్ద బండిని కిరాయికి మాట్లాడుకొనవచ్చును. కాజీపేటలో రైలు ఉండనే యున్నది. అట్లు గాక అది తరచుగా నిండునది యైనచో, దానిలో కూర్చుండువారి సౌఖ్యమే మొదటి లెక్క కావలెను. రెండు దారులును యథార్థమైనవే. అవ్వ పేరు చెప్పి కొని, అయ్య సుఖము చూచుకొనుట మాత్రము యథార్థము కాదు. ముసలివారి అవసరమును మన కోరికకు ముసుగుగా కప్పుట అది.

“సర్దుకుంట” అను మాటను గూర్చి ఒక సంగతి. మన యిండ్లలో ఈ మాట చాల ప్రేమగలది. దాని వలననే ఎన్నో కాపురములు నిలిచినవి. అయితే ప్రతి యింటను దానిని పలుకువారెవరో చూడుడి. ప్రతిసారి వారే! సంపాదన లేనివారు, వయస్సు మళ్లినవారు, మరియొకరి నీడను బ్రతుకువారు. కాదనుటకు స్థలము లేనివారి ఔనను మాటను అంగీకారముగా వ్రాసికొనరాదు. వారు అడుగరు గనుకనే మనము అడుగవలెను. వారు చెప్పరు గనుకనే మనము వెళ్లి ఆ చోట కూర్చుండి చూడవలెను.

కాబట్టి మూడవ మనుష్యుని యొద్దకు వచ్చితిమి. పీట యేరుకొనువాని యొద్దకు. విందులో కడపటి చోట కూర్చుండుమని ప్రభువు బోధించిన దానిని మనము మర్యాదగా మాత్రమే యెంచుచున్నాము. అందులో మరియొక మేలున్నది. కడపటి చోట కూర్చున్నవానికి విందంతయు ఎట్లు నడచుచున్నదో కనబడును. వడ్డన ఎక్కడ ఆగిపోవుచున్నదో తెలియును.

సొమ్ము చెల్లించువాడు, రెండు బండ్లను చూచునపుడు, తాళములు తమ్మునికో భార్యకో ఇచ్చి, తాను మూడవ వరుసలో కూర్చుండవలెను. సుబేదారి నుండి కాజీపేట మీదుగా మడికొండ దాటువరకు పోయి తిరిగి రావలెను. ఎక్కుటకు నడుము ఎంత వంగవలెను? పాదములకు చోటున్నదా? తల పైకప్పుకు తగులుచున్నదా? గాలి వచ్చుచున్నదా? తల వెనుక దిండు ఎత్తు సరిపోవుచున్నదా? బెల్టు భుజము మీదుగా వచ్చుచున్నదా? ప్రక్కల విచ్చుకొను గాలితెర ఆ కిటికీవరకు వచ్చునా? స్పీడుబ్రేకరు ఎక్కినపుడు నడుము ఏమనుచున్నది? నడుమ వరుసలో రెండు విడి పీటలున్న ఆరుగురి బండి సఫారిలో మొదటి నుండియు, ఎక్స్‌యూవీ 700లో 2024 నుండియు దొరికెను. ఆ రెండు పీటల సందున వెనుకకు పోవుట సులభము. గాని ఏడుగురున్న యింటిలో ఒకరికి చోటుండదు. ఆ యొకరు ఎవరగుదురో ముందే తెలియుచున్నది గదా! ఏ బండి కొనవలెనో మేము చెప్పము. ఒక గంట అక్కడ కూర్చున్నవానికి చెప్పనవసరము లేదు.

కొన్న తరువాతను ఈ ధర్మము ముగియదు. మోకాళ్ల నొప్పిగలవారు నడుమ వరుసలోను, పిల్లలు తమకు తగిన పీటలలోను కూర్చుండవలెను. చివరి వరుస కాళ్లు చురుకుగా నున్నవారిది. మెదకు ప్రయాణమున తమ్ముడు నడుపుచుండగా యజమానుడే వెనుకకు ఎక్కినయెడల అతని గౌరవమేమియు తగ్గదు. ఇరుగుపొరుగున అర్ధరాత్రివేళ రోగిని ఆసుపత్రికి చేర్చవలసి వచ్చినపుడు ఆ పీటలు మడిచియుండక తెరచియుండవలెను. ఏడు పీటల బండిలో ప్రతిదినము ఒక్కడే పోవుచు, అడిగినవారికి చోటు లేదనుట కొన్న ఉద్దేశమునే కొట్టివేయుట యగును.

కారు విషయమున చెప్పినది ఇల్లు కట్టునపుడును, పెండ్లి సంబంధము చూచునపుడును, పిల్లల చదువు నిశ్చయించునపుడును చెల్లును. రెండు వస్తువులను ప్రక్క ప్రక్కన పెట్టి తూచితిమి గనుక మేము బాగుగా ఆలోచించితిమి అనుకొనకుందము. ఎక్కడ నిలిచి తూచితిమి, ఎవరి పక్షమున తూచితిమి అని మనలను మనము అడుగుకొందము. ఈ మాసమున మన యిండ్లలో నిర్ణయము చేయువారు ఒకసారి లేచి, “సర్దుకుంట” అని పలుకువారి చోట కూర్చుండి చూతురు గాక.