పదిమంది లేని ఊరు

కేరళలో కొచ్చి దగ్గర మట్టంచేరి అనే పాత రేవుపేట ఉంది. అక్కడ జ్యూ టౌన్ అని పిలిచే వీధిలో 2019 ఆగస్టు 30న శారా కోహెన్ అనే 96 ఏళ్ళ పెద్దావిడ కన్నుమూసింది. ఆమెది కుట్టుపని. యూదు మగవాళ్ళు ప్రార్థనప్పుడు తలమీద పెట్టుకునే చిన్న టోపీలు, పండగ రొట్టెల మీద కప్పే గుడ్డలు తన చేత్తో కుట్టి, వాటి మీద దారంతో పువ్వులూ హీబ్రూ అక్షరాలూ వేసి అమ్మేది. దుకాణం ఆ వీధిలోనే. భర్త 1999లో పోయాడు. పిల్లలు లేరు.

ఆమె పోయినప్పుడు పత్రికలన్నీ రాశాయి. ఐదేళ్ళ తర్వాత, 2024 ఆగస్టులో అదే వీధిలో క్వీనీ హలేగువా అనే మరొక పెద్దావిడ 89వ ఏట పోయినప్పుడు కూడా రాశాయి. రెండుసార్లూ ముందు వచ్చిన మాట ఒక్కటే: చివరివారు. కొచ్చి యూదుల్లో ఇంకెందరు మిగిలారు, ఈమెతో లెక్క ఎంతకు దిగింది అని. కుట్టుపని సంగతి ఆ తర్వాత వచ్చింది. క్వీనీ గారు తమ ప్రార్థనామందిరం బాధ్యతలు కొన్నేళ్ళు చూసుకున్న సంగతీ ఆ తర్వాతే వచ్చింది.

ఈ మాట దగ్గర నేను ఆగిపోతాను. మన వాళ్ళ గురించి కూడా బయట ఇలాగే రాస్తారు గనుక ఆగుతాను. 2010 జనవరిలో అండమాన్‌లో బోవా సీనియర్ అనే ఆదివాసీ వృద్ధురాలు చనిపోయింది. బో భాష మాట్లాడే ఆఖరి మనిషి ఆమె. ప్రపంచమంతా ఆ వార్త వచ్చింది. భాష పోయింది అని అందరూ బాధపడ్డారు. ఆ బాధ అబద్ధం కాదు. కానీ ఆమె గలగలా నవ్వే మనిషి అని, తన భాష అర్థం చేసుకునే మనుషులు లేక పక్షులతో మాట్లాడేదని ఆ భాషను నమోదు చేసిన అన్వితా అబ్బి చెబితే తప్ప మనకు తెలియలేదు. చివరి మనిషి అనేది ఆ మనిషి గుణం కాదు. ఆమె చేసిన పనీ కాదు. మిగతావాళ్ళు ముందే పోవడం వల్ల ఆమె మీద పడ్డ పేరు. తొంభై ఆరేళ్ళు బతికిన మనిషిని ఆ ఒక్క పేరుతో గుర్తుంచుకుంటే ఆమెను గుర్తుంచుకున్నట్టా, లెక్క రాసుకున్నట్టా?

యూదులు పోయినవాళ్ళను ఎట్లా తలుచుకుంటారో కొంచెం తెలుసుకుంటే ఈ ప్రశ్న ఇంకా లోతుకు పోతుంది. దగ్గరివాళ్ళు పోతే వాళ్ళు ఒంటిమీది బట్టను కొంత చింపుకుంటారు. ఏడు రోజులు ఇల్లు కదలకుండా నేలకు దగ్గరగా, తక్కువ ఎత్తు పీటల మీద కూర్చుంటారు. అంత్యక్రియల నుంచి వచ్చాక మొదటి భోజనం ఇరుగుపొరుగు తెచ్చి పెట్టాలి. ఏటా పోయిన తిథినాడు ఒక రోజంతా వెలిగే దీపం పెడతారు. తల్లిదండ్రులు పోతే కొడుకు పదకొండు నెలలపాటు రోజూ కద్దిష్ అనే ప్రార్థన చెబుతాడు. ఆ ప్రార్థనలో చావు అనే మాటే ఉండదు. పోయినవాళ్ళ పేరూ ఉండదు. అంతా దేవుని స్తుతే. అయితే దానికి ఒక షరతు ఉంది. ఒంటరిగా చెప్పకూడదు. ఈడొచ్చిన మగవాళ్ళు కనీసం పదిమంది ఉండాలి. కొన్ని శాఖల్లో ఇప్పుడు ఆడవాళ్ళనూ లెక్కిస్తున్నారు. సంఖ్య మాత్రం పదే. ఆ పదిమందిని మిన్యాన్ అంటారు.

దుఃఖం ఒక ఇంటిది కాదు, ఊరిది అని చెప్పడానికే ఈ నియమం అని నేను అనుకుంటాను. మన గూడేల్లో కూడా చావుకు ఇంటికో మనిషి కదలాలి. రాని ఇంటిని తర్వాత అడుగుతారు.

మరి ఊరే లేకపోతే? 1948 తర్వాత కొచ్చి యూదులు రెండు వేలమందికి పైగా ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. ఎవరూ తరమలేదు. వాళ్ళను ఈ దేశంలో యూదులని హింసించిన చరిత్ర లేదని వాళ్ళే గర్వంగా చెప్పుకుంటారు. ప్రార్థనల్లో తరతరాలుగా తలుచుకున్న నేల పిలిచిందని వెళ్ళారు. మట్టంచేరిలో 1568లో కట్టిన పరదేశి ప్రార్థనామందిరం ఉంది. దాని నేలమీద చైనా నుంచి తెచ్చిన నీలి తెలుపు పలకలు పరిచి ఉంటాయి, చూడటానికి రోజూ వందలమంది వస్తారు. ప్రార్థనకు మాత్రం పదిమంది చాలరు. చూడవచ్చిన పర్యాటకుల్లో యూదులెవరైనా ఉంటే వాళ్ళను కలుపుకుని లెక్క సరిచేసుకోవలసిన పరిస్థితి ఎప్పుడో వచ్చింది.

పదిమంది లేని ఊళ్ళో చనిపోయిన మనిషిని తలుచుకునే బాధ్యత ఎవరిది? నాకు ఇదే అసలు ప్రశ్న.

శారా కోహెన్ విషయంలో ఆ బాధ్యత ఒక ముస్లిం మీద పడింది. చిన్నప్పుడు ఆ వీధిలో పర్యాటకులకు పోస్టుకార్డులు అమ్ముకునే కుర్రవాడు అతను. ఆ దంపతులు చేరదీశారు. పోయేముందు భర్త, నా తర్వాత ఈమెను చూసుకో అని అతనికే అప్పగించాడు. ఇరవై ఏళ్ళు చూసుకున్నాడు. ఆమె పోయాక కూడా ఆ దుకాణం ఆమె పేరుతోనే నడిచింది. అతను కద్దిష్ చెప్పలేడు. చెప్పినా మిన్యాన్ లెక్కలోకి రాడు. కానీ ఆమెకు టీ ఎలా ఇష్టమో, ఏ మాటకు కోపం వస్తుందో తెలిసిన మనిషి ఎవరు? లెక్కలోకి వచ్చే పదిమందా, లెక్కలోకి రాని ఈ ఒక్కడా?

ఇలా అనడం తేలిక. దీనికి ఎదురు మాట ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. బయటివాళ్ళు మనల్ని గుర్తుంచుకుంటామని వచ్చినప్పుడు ఏమవుతుందో మనకు అనుభవమే. మన పాట రికార్డు చేసుకుని పోతారు, మన బొమ్మ గాజుపెట్టెలో పెడతారు, కింద ఒక చీటీ అంటిస్తారు. ఆ చీటీలో పాడిన అవ్వ పేరు ఉండదు, తెగ పేరు ఉంటుంది. జ్యూ టౌన్‌లో ఇప్పుడు యూదులు దాదాపు లేరు గానీ యూదుల పేరుతో పాత సామాన్ల దుకాణాలు, సుగంధద్రవ్యాల దుకాణాలు కావలసినన్ని. జ్ఞాపకం సరుకైపోతే అది గుర్తుంచుకోవడం కాదు. అందుకని మనవాళ్ళ సంగతి మనవాళ్ళే చెప్పాలి అనే పట్టుదల నాకు అర్థమవుతుంది. ఈ పుస్తకంలో మనం రాయడమే ఆ పట్టుదలతో.

అయినా తూకం వేయడానికి ఒక రాయి కావాలి కదా. అది యూదుల మాటలోనే దొరుకుతుంది. శవాన్ని కడిగి, గుడ్డ కట్టి, పూడ్చేవరకు చేసే సేవను వాళ్ళు నిజమైన దయ అంటారు. బతికున్నవాళ్ళకు చేసే ఏ సాయంలోనైనా తిరిగి వస్తుందన్న ఆశ ఒక మూల ఉండవచ్చు. పోయినవాళ్ళు తిరిగి ఇవ్వలేరు. అందుకే అది నిజమైనది. ఈ రాయితో తూచితే లోపలివాడా బయటివాడా అనేది పక్కకు పోతుంది. తనకేమీ రాకపోయినా ఈ మనిషి ఆ పని చేసేవాడా అన్నదే మిగులుతుంది. ఆ ముస్లింకు దుకాణం మిగిలింది నిజమే. కానీ ముసలితనంలో మంచం పట్టిన మనిషికి ఇరవై ఏళ్ళ చాకిరీ దుకాణం కోసం చేస్తారని నేను నమ్మను. మన కులపోడే, మన తెగవాడే శవం ముందు నిలబడి ఫొటో దిగి వెళ్ళిపోవడం కూడా చూస్తూనే ఉన్నాం.

ఆ మట్టంచేరిలోనే నెహెమియా మోత అనే యూదు కవి సమాధి ఉంది. 1615లో పోయాడు. ఆ సమాధి దగ్గర హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కూడా మొక్కుకుని దీపాలు పెడతారు. ఆ యూదు కవి రాసిన హీబ్రూ ఒక్క ముక్క వాళ్ళకు రాదు. నాలుగు వందల ఏళ్ళుగా దీపం ఆరకపోవడానికి ఎక్కువ కారణం వాళ్ళే.

ఇక ఏమని తలుచుకోవాలి అన్నది రెండో చిక్కు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని మనకు సామెత. ఇప్పుడైతే కళ్ళు ఫ్లెక్సీ అంత. మండల కేంద్రంలో ఏ కూడలి చూసినా కన్నీటి నివాళులే, పోయినవాళ్ళందరూ మహానుభావులే. ఫొటో మార్చి పేరు మార్చితే ఒక ఫ్లెక్సీ ఇంకొకరికి సరిపోతుంది. యూదుల ధర్మశాస్త్రంలో దీనికి ఒక సూత్రం ఉంది. పదహారో శతాబ్దంలో యోసేఫ్ కారో కూర్చిన షుల్హాన్ ఆరుఖ్ అనే గ్రంథంలో అది ఉంది. పోయిన మనిషిలో ఉన్న మంచి గుణాలు చెప్పాలి, కొంచెం పెంచవచ్చు, మరీ పెంచకూడదు. లేని గుణాన్ని ఉందని చెబితే చెప్పినవాడికీ కీడు, పోయినవాడికీ కీడు.

ఆ కొంచెం అన్న మాట నాకు బాగా నచ్చింది. ఎందుకు పెంచనిచ్చారు? మనిషి చేసిన మంచి అంతా నలుగురి కంట పడదు. ఆ కనపడని భాగానికి ఇచ్చిన చోటు అది అని నాకు తోస్తుంది. లేనిది చెబితే పోయినవాడికి కీడెందుకు అంటే, అప్పుడు మనం తలుచుకుంటున్నది ఆ మనిషిని కాదు, ఇంకెవరినో. అసలు మనిషి రెండోసారి పోతాడు.

కొచ్చి యూదుల కథను పర్యాటకులకు చెప్పేటప్పుడు ఈ సూత్రం తప్పుతుంటారు. అన్ని మతాలూ కలిసి బతికిన చోటు అని చెప్పి ఊరుకుంటారు. అది నిజం. అయితే ఆ యూదుల లోపల వాళ్ళలో వాళ్ళకే మెట్లున్నాయి. మలబారు యూదులను నల్లవారని, తర్వాత వచ్చిన పరదేశి యూదులు తెల్లవారని పిలిపించుకున్నారు. విడుదలైన బానిసల సంతతి అని ముద్రపడ్డ కుటుంబాలను ఆ నీలి పలకల మందిరంలో అందరితో సమంగా కూర్చోనివ్వలేదు, గ్రంథపఠనానికి పిలవలేదు. ఆ కుటుంబాల్లో పుట్టిన ఎ.బి. సేలం (1882 - 1967) లాయరు చదివి, కొచ్చి శాసనమండలిలో సభ్యుడై, స్వాతంత్ర్యోద్యమంలో తిరిగి, గాంధీ దగ్గర నేర్చిన సత్యాగ్రహాన్ని సొంత ప్రార్థనామందిరంలోనే చేశాడు. అతన్ని యూదు గాంధీ అన్నారు. ఆ గోడలు ఒక్కొక్కటే పడటానికి ఏళ్ళు పట్టింది. రూబీ డేనియల్ అనే ఆమె ఇజ్రాయెల్ వెళ్ళిపోయాక, ముసలితనంలో తన జ్ఞాపకాలు చెప్పి 1995లో పుస్తకం చేయించింది. అమ్మమ్మ చెప్పిన కథలు, ఆడవాళ్ళు మలయాళంలో పాడుకున్న పాటలు, పెళ్ళిళ్ళు, అవమానాలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ అవమానాలు తీసేసి పాటలు మాత్రమే ఉంచుకుంటే అది ఆమె పుస్తకం కాదు.

పోయినవాళ్ళ గురించి చెడు చెప్పకూడదు అంటారు. ఆ మర్యాద ఎవరికి మేలు చేస్తుందో ఒకసారి ఆలోచించాలి. వెనక కూర్చోబెట్టినవాళ్ళూ పోయారు, కూర్చోబెట్టబడ్డవాళ్ళూ పోయారు. మాట్లాడకపోతే మొదటివాళ్ళకు మర్యాద దక్కుతుంది, రెండోవాళ్ళకు మళ్ళీ వెనక చోటే దక్కుతుంది. మన తెలుగు నేల మీదే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము యూదులమని చెప్పుకుంటూ సొంతంగా ప్రార్థనామందిరం పెట్టుకున్నాయి. వాళ్ళు నిజమైన యూదులా కాదా అని దూరాన ఉన్న పండితులు వాదిస్తుంటారు. ఎవరి చావుకు ఎవరు లెక్కలోకి వస్తారనే తగువు ఎప్పుడూ మెట్టు కింద ఉన్నవాళ్ళ దగ్గరే వస్తుందేమో.

ఇంకొక్క సంగతి చెప్పాలి, కొంచెం పక్కదారి అయినా. పూర్వం యూదుల్లో చావు ఖర్చు ఎంత పెరిగిందంటే, చావు కన్నా ఖర్చే భారమై బంధువులు శవాన్ని వదిలి పారిపోయేవారట. అప్పుడు రబ్బాన్ గమలీయేలు అనే గొప్ప పెద్ద, నన్ను మామూలు నారబట్టలోనే పూడ్చండి అని చెప్పి అలాగే చేయించుకున్నాడని వాళ్ళ తల్ముద్ చెబుతుంది. అప్పటినుంచి ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే తెల్లబట్ట. పెద్దదినం చేయడానికి పొలం కుదువ పెట్టే ఇళ్ళు మన దగ్గర ఎన్ని ఉన్నాయో టీచర్లకు తెలుసు, ఆ నెలలో బడి మానేసిన పిల్లల హాజరు చూస్తే చాలు.

మన కోయ గూడేల్లో పోయినవాళ్ళకు రాయి నిలుపుతాం. యూదులు సమాధి చూడటానికి వెళ్తే పువ్వులు పెట్టరు, చిన్న గులకరాయి పెట్టి వస్తారు. కొచ్చికి ఉత్తరాన చేందమంగలంలో ఒక యూదు సమాధిరాయి ఉంది. మన దేశంలో దొరికిన హీబ్రూ సమాధిరాళ్ళలో అదే పాతది, 1269 నాటిది. దానిమీద ఉన్న పేరు కూడా శారాయే. ఇశ్రాయేలు కూతురు శారా. ఎవరి బిడ్డో, ఎప్పుడు పోయిందో ఆ రాయి చెబుతుంది. ఆమె ఏం పని చేసేదో, ఏ పాట పాడేదో చెప్పదు. మన రాళ్ళ మీద అక్షరాలే లేవు. ఫలానా రాయి ఫలానా తాతది అని చూపించే ముసలివాళ్ళు ఉన్నంతకాలం వాటికి పేర్లుంటాయి. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రాజెక్టు పని అంటూ ఏటా ఇంటర్నెట్‌లో చూసి ఎత్తిరాసే విషయాలే ఇస్తున్నాం. ఒక్క ఏడాది గూడెం చివరి రాళ్ళ దగ్గరికి పంపితే, ఒక్కొక్కరు ఒక్కో రాయి పట్టుకుని, ఇది ఎవరిది, ఏం పని చేసేవాడు, ఎవరితో తగువు పడ్డాడు, ఏం చేస్తే నవ్వేవాడు అని అడిగి నోటుబుక్కులో రాసుకురావచ్చు. వేసవి రాకముందే పంపాలి. మా వైపు ముసలివాళ్ళు ఎక్కువగా ఎండలకే పోతారు.