పొరలు పోసే చేయి

బార్ కౌంటర్ వెనక నిలబడి పని చేసేవాణ్ణి నేను. పెగ్గు కొలిచి పోయడం నాలుగు రోజుల్లో ఎవరికైనా వస్తుంది. పొరలు పోయడం అలా రాదు. ఒక రంగు మీద ఇంకో రంగు, దాని మీద మూడోది, కలవకుండా నిలబెట్టేటప్పుడు నా ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. ఈ పని మీద ఉన్నంత ఇష్టం నాకు మరి దేని మీదా లేదు. ఆ ఇష్టం దేన్ని కోరుకుంటోందని ఈ మధ్య నన్ను నేను గట్టిగా అడుగుతున్నాను.

ముందు పని సంగతి చెప్పాలి. కిటుకంతా బరువులో ఉంది. నీళ్ళకన్నా చక్కెర పాకం బరువు, ఆల్కహాల్ తేలిక. మిల్లీలీటరు నీళ్ళు ఒక గ్రాము తూగితే, మిల్లీలీటరు స్వచ్ఛమైన ఆల్కహాల్ సుమారు 0.79 గ్రాములే తూగుతుంది. అందుకే తీపి ఎక్కువున్నది అడుక్కి, ఘాటు ఎక్కువున్నది పైకి. 1977లో కెనడాలోని బాన్ఫ్‌లో పుట్టిందని చెప్పే బి-52నే చూడండి. అడుగున కాఫీ లిక్యూర్ కలూవా, నడుమ ఐరిష్ క్రీమ్ బెయిలీస్, పైన నారింజ వాసనేసే గ్రాండ్ మార్నియే. మొదటిది మామూలుగానే పోయొచ్చు. రెండోదానికి బార్ చెంచా బోర్లించి, మొన గ్లాసు లోపలి అంచుకి ఆనించి, చెంచా వీపు మీంచి సన్నటి ధారగా జార్చాలి. ధార దూకకుండా పరుచుకుంటే కింది పొర కదలదు. చేయి తొందరపడిందా, గీత మసకబారుతుంది. పేరు ఒకటే అయినా కంపెనీని బట్టి తీపి మారుతుంది, దాంతో బరువూ మారుతుంది. కొత్త సీసా వస్తే ముందు చిన్న గ్లాసులో సరిచూసుకుంటాను. ఎంత బాగా పోసినా, వదిలేస్తే పొరలు మెల్లగా ఒకదాన్లోకి ఒకటి ఇంకిపోతాయి.

ఇది ఇప్పటి సరదా కాదు. కాఫీ అయ్యాక తాగే పూస్ కఫే 1862లో న్యూయార్క్‌లో అచ్చయిన, జెర్రీ థామస్ అనే బార్‌మన్ రాసిన పానీయాల పుస్తకంలోనే ఉంది. తర్వాత్తర్వాత దాన్ని ఐదారు రంగుల్లో నిలబెట్టడం బార్‌మన్ పనితనానికి పరీక్షయింది.

నేనూ ఆ పరీక్ష కోసమే పోస్తున్నాను, రుచి కోసం కాదు. పులుపు, చేదు, తీపి కలిసి కొత్త రుచి పుడితేనే అది మంచి కాక్‌టెయిల్ అని నా నమ్మకం. ఇక్కడేమో కలవనివ్వకపోవడమే పని. టకీలా సన్‌రైజ్‌లో గ్రెనడీన్ పోస్తే, ఎర్రటి ఆ పాకం నారింజ రసంలోంచి తనంతట తానే అడుక్కి దిగి సూర్యోదయం గీస్తుంది. చూడ్డానికి ఎంతో బావుంటుంది. అయినా నాకు తృప్తి చాలదు, ఎందుకంటే అక్కడ ఎవరూ నా చేతిని చూడరు. కౌంటరవతల మాటలాగిపోయి కళ్ళన్నీ చెంచా మీదికి వచ్చే ఆ నిమిషం నాకు కావాలి. చేతిపని చేసేవాడు మెప్పు కోరుకోవడం తప్పనుకోను.

కలవరపెట్టేది వేరే ఉంది. పొర నిలబడ్డానికి పనికొచ్చే చక్కెరే నాలుక మీద ఘాటుని కప్పేస్తుంది. బెయిలీస్‌లో ఆల్కహాల్ 17 శాతం, గ్రాండ్ మార్నియేలో 40. అదంతా ఒక్క గుక్కలో చాక్లెట్‌లా దిగిపోతుంది. విస్కీ గొంతులో మండి తనేమిటో ముందే చెప్పేస్తుంది. నా గ్లాసు చెప్పదు. మందు కొత్తవాళ్ళు విస్కీ సీసా వంక బెదురుగా చూసి, రంగుల గ్లాసు వైపు వేలు చూపిస్తారు. ఆ బెదురు పోగొడుతున్నది నా పనితనమే.

మందు లేకుండా కూడా ఈ పని నాకింత ఇష్టమేనా? ఒక పెళ్ళి విందులో చేసి చూశాను. అడుగున చక్కెర చిక్కగా కలిపిన నిమ్మరసం, దాని మీద ఐసు, ఐసు మీంచి శంఖుపుష్పాల కషాయం. మన పెరళ్ళలో కంచెకి పాకే తీగ పువ్వే అది. పైన నీలం, కింద లేత పసుపు, రెండూ తాకిన చోట పులుపు తగిలి ఊదా. చేయి అంతే నెమ్మదిగా కదిలింది, మనసు అంతే నిండింది. గ్లాసు అందుకున్న చిన్నపిల్ల కళ్ళింతలు చేసుకుని చూస్తుంటే నాలో ఏ సంకోచమూ లేదు. బి-52 అందించేటప్పుడు ఒకటి సన్నగా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళూ మెప్పు దాన్ని పైకి రానివ్వలేదు.

అయినా బి-52 పోయడం మానలేదు. మానేస్తానని అబద్ధమాడను. ఇది నా బతుకుతెరువు, అంతకన్నా ఎక్కువగా నా ఇష్టం. గ్లాసు ముందుకి జరిపేటప్పుడు అందులో ఘాటెంతుందో చెబుతున్నాను. పక్కన మంచినీళ్ళు పెడుతున్నాను. ఇంటికెలా వెళ్తారని అడుగుతున్నాను. కొందరు సరదా చెడగొట్టానని మొహం ముడుచుకుంటారు. గ్లాసు మీదున్న మెచ్చుకోలు చూపు నా మొహం మీదికొచ్చేసరికి చల్లారిపోతుంది. అది నన్ను ఇంకా నొప్పిస్తూనే ఉంది. ఆ నొప్పి పడలేక ఏదో ఒక రాత్రి నోరు మూసుకుంటానేమోనని నన్ను నేను కనిపెట్టుకుని ఉంటున్నాను.