విద్యావంతుని నడుమున తువాలు

ధ్యాన వాక్యభాగము: యోహాను 13:1–17



నేడు మన సంఘములలో తల్లులు మాకు తరచుగా చెప్పు ప్రార్థన మనవి ఒకటి కలదు: "అయ్యగారూ, మా అబ్బాయి గచ్చిబౌలిలో చదువుతున్నాడు. హైటెక్ సిటీలో మంచి ఉద్యోగం రావాలని ప్రార్థన చేయండి." మేమును సంతోషముతో ప్రార్థించుచున్నాము. కూలి చేసి చదివించిన తలిదండ్రుల కష్టము దేవుడెరుగును. అయితే ఆ బిడ్డకు సేవచేయు మనస్సు నిమ్మని ప్రార్థించినవారెందరు? బోధించు మేమే ఆ మనవి మరచితిమి.

ఆ రాత్రి భోజనపు బల్లయొద్ద జరిగినది చూడుడి. తండ్రి సమస్తమును తన చేతికప్పగించెనని యెరిగియే ప్రభువు లేచి, తువాలు నడుమునకు కట్టుకొని, శిష్యుల పాదములు కడిగెను. ఏమియు తెలియనివాడు కాదు, అన్నియు తెలిసినవాడే వంగెను. విద్యకు తగిన వస్త్రము తువాలే.

హైదరాబాదు విశ్వవిద్యాలయము 1974లో స్థాపింపబడినది. గచ్చిబౌలికి రాకమునుపు అది నగరమధ్యమున గోల్డెన్ త్రెషోల్డ్ అను సరోజినీ నాయుడుగారి గృహములో నుండెను. ఆమె లండనులోను కేంబ్రిడ్జిలోను చదివిన విదుషి. అయినను 1908లో మూసీనది పొంగి వేలాదిమంది ప్రాణములను తీసికొనినప్పుడు, ఆమె వరదబాధితుల సహాయమునకై పాటుపడెను. అట్టి యింటిలో పుట్టిన విద్యాలయమునకు సేవ క్రొత్త పాఠము కాదు.

గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయములలో జాతీయ సేవా పథకము ఆరంభమైనది. "నేను కాదు, నీవు" అనునది దాని ధ్యేయము. అందు చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవచేయవలెను. గ్రామములో ఏడు దినముల శిబిరమును కలదు. ద్వారము తెరచియే యున్నది. కాని ధ్రువపత్రము కొరకు గంటలు లెక్కించువాడొకడు. పొరుగువాని కొరకు గంటలు మరచువాడొకడు. మన బిడ్డ ఎవరివలె నుండవలెను?

సేవకు దూరము పోనక్కరలేదు. తెలుగులో చదివివచ్చి, ఇంగ్లీషు పాఠము అర్థముకాక, హాస్టలు గదిలో ఒంటరిగా కుమిలిపోవు పల్లె విద్యార్థి ప్రక్కన కూర్చుండి పాఠము చెప్పుట పాదములు కడుగుటయే. ఆ ప్రాంతపు అద్దాల మేడలు కట్టిన చేతులలో పాలమూరు వలసకూలీల చేతులెన్నో కలవు. అట్టివారి పిల్లలకు వారమునకొక గంట అక్షరములు నేర్పుటయు అంతే.

తలిదండ్రులారా, ఈసారి ఫోను చేసినప్పుడు "తిన్నావా? మార్కులెన్ని వచ్చాయి?" అని అడిగిన తరువాత, "ఈ వారం ఎవరికి సాయం చేశావు నాయనా?" అనియు అడుగుడి. అప్పుడు బిడ్డ "అమ్మా, మరి మీరో?" అని అడిగినయెడల మన జవాబేమి? వాన కురియు ఇంటిలో నున్న విధవరాలి కప్పు మనము వేయకపోతిమా, మన పిల్లలు పట్టణములో తువాలు ఎట్లు కట్టుకొందురు? సేవాపాఠము విశ్వవిద్యాలయములో కాదు, మన గుమ్మమునొద్ద మొదలగును.

ప్రార్థన: ప్రభువా, మా బిడ్డలకు ఉద్యోగమును దయచేయుము, దానికి ముందుగా నీ తువాలును దయచేయుము. మొదట మా నడుములకు కట్టుము. ఆమెన్.